జ్ఞానాపురంలో పుట్టగొడుగుల గదికి బయటి గాలి: హెపా ఫిల్టర్ పెట్టించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. విశాఖపట్నం పోర్టు దగ్గరి జ్ఞానాపురంలో డాబా మీద 10 × 12 అడుగుల గది, ఎత్తు 9 అడుగులు. అందులో వరిగడ్డి సంచుల్లో ఆయిస్టర్ పుట్టగొడుగులు మొదలుపెట్టారు. కిటికీకి పాత ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది, తలుపుకి దోమతెర కట్టారు. పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రానికి నల్లటి దుమ్ము చేరుతోంది. మొదటి విడతలో కొన్ని సంచులకు ఆకుపచ్చ బూజు పట్టింది, సన్నటి ఈగలు కూడా వచ్చాయి. హెపా ఫిల్టర్ పెట్టిస్తే ఇవన్నీ పోతాయని ఎవరో చెప్పారు, ధర వినేసరికి టెన్షన్ పట్టుకుంది.

వద్దండి. పుట్టగొడుగులు కాసే గదికి హెపా అక్కర్లేదు. ఒక సన్న మెష్, దాని వెనక మామూలు ప్రీఫిల్టర్, దాని వెనక ఒక ఫైన్ ఫిల్టర్ ఉంటే చాలు. అయితే వీటిలో ఏది కొనాలన్నా ముందు ఒక పని ఉంది: గాలి దిక్కు మార్చాలి. ఇప్పుడున్నట్టు ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలిని బయటికి లాగుతున్నంత కాలం ఎంత ఖరీదైన ఫిల్టర్ పెట్టినా డబ్బు దండగే. ఎందుకో చెప్తాను.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ గదిలోంచి గాలిని తీసేస్తుంటే, ఆ లోటు పూడ్చడానికి బయటి గాలి ఎక్కడ సులువుగా దారి దొరికితే అక్కడి నుంచి వస్తుంది. ఫిల్టర్ గాలికి కాస్త అడ్డు. తలుపు కింద సందు, కిటికీ రెక్కల మధ్య ఖాళీ, స్విచ్ బోర్డు వెనక వైరు పైపు, రేకుకీ గోడకీ మధ్య చీలిక, ఇవేవీ అడ్డు కావు. కాబట్టి గాలి ఫిల్టర్ని వదిలేసి వీటిలోంచి వస్తుంది, పోర్టు దుమ్మునీ ఈగల్నీ కూడా తెస్తుంది. ముందు తలుపుకి తాళం వేసి వెనక తలుపు బార్లా తెరిచి పెట్టినట్టే అవుతుంది.

దీన్ని మీరే చూడొచ్చు. ఎగ్జాస్ట్ ఆన్ చేసి, తలుపు మూసి, లోపల నిలబడి అగరుబత్తి వెలిగించి తలుపు అంచుల వెంట, కిటికీ చుట్టూ, స్విచ్ బోర్డు దగ్గర మెల్లగా తిప్పండి. పొగ మీ వైపు తోసుకొచ్చిన ప్రతిచోటా బయటి గాలి శుద్ధి కాకుండా లోపలికి వస్తోందని అర్థం. నేను ఎవరి గదికి వెళ్లినా ముందు చేసేది ఈ పనే.

సరైన పద్ధతి దీనికి తిరగేసి ఉంటుంది. ఫ్యాన్ బయటి గాలిని తీసుకుని, ఫిల్టర్ల గుండా గదిలోకి నెట్టాలి. అప్పుడు గది లోపల ఒత్తిడి బయటికంటే రవ్వంత ఎక్కువగా ఉంటుంది. సందులు ఉన్నా వాటిలోంచి గాలి బయటికి పోతుందే కానీ లోపలికి రాదు. మిగతా గాలి పోవడానికి ఎదురు గోడకి ఒక గ్రావిటీ లూవర్ పెట్టండి. గాలి నెట్టినప్పుడు తెరుచుకుని, ఫ్యాన్ ఆగగానే దానంతటదే మూసుకునే ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి. దానికి కూడా లోపలి వైపు మెష్ తప్పనిసరి. మీ పాత ఎగ్జాస్ట్ ఫ్యాన్ తీసేసి ఆ రంధ్రంలోనే లూవర్ బిగించుకోవచ్చు. తర్వాత మళ్లీ అగరుబత్తి వెలిగించి చూడండి. ఈసారి పొగ ప్రతి సందు దగ్గరా బయటి వైపు వంగాలి.

ఇక హెపా ఎందుకు వద్దంటున్నానో లెక్కతో చెప్తాను. హెపా అంటే 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల్లో 99.97 శాతాన్ని ఆపే ఫిల్టర్. మనకి అంత చిన్న శత్రువులు లేవు. ఆకుపచ్చ బూజు తెచ్చే ట్రైకోడెర్మా స్పోర్లు (బూజుకి విత్తనాల్లాంటి కణాలు) దాదాపు 3, 4 మైక్రాన్లు ఉంటాయి. ఆస్పర్‌జిల్లస్, పెనిసిలియం అనే వేరే బూజుల స్పోర్లు కూడా సుమారు 2 నుంచి 5 మైక్రాన్ల లోపే. మీ కిటికీ గట్టు మీద కంటికి కనిపించే బొగ్గు దుమ్ము ఇంకా చాలా పెద్దది. మెర్వ్ 13 (ఫైన్ ఫిల్టర్ గ్రేడు) ఫిల్టర్ 1 నుంచి 3 మైక్రాన్ల కణాల్లో కనీసం 85 శాతం, 3 నుంచి 10 మైక్రాన్ల కణాల్లో కనీసం 90 శాతం ఆపాలి, దాని ప్రమాణమే అది. మిగిలిన ఆ కొద్ది శాతం కోసం హెపా దాకా వెళ్తే లాభం కనిపించదు. ఎందుకంటే మీరు తలుపు తీసి లోపలికి అడుగుపెట్టినప్పుడు బట్టల మీద, చెప్పుల మీద, బకెట్టుతో, కొత్త సంచులతో అంతకంటే ఎక్కువ స్పోర్లు మోసుకొస్తారు. గడ్డి సంచి మీద తెల్లటి మైసీలియం (పుట్టగొడుగు వేర్లలాంటి పోగులు) పూర్తిగా అల్లుకుపోయాక అది తన జాగా తానే కాపాడుకుంటుంది కూడా.

హెపాకి చోటు వేరే ఉంది. స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) తయారు చేసేవాళ్లకి, అంటే ఉడికించి స్టెరిలైజ్ చేసిన గింజల మీద కల్చర్ వేసేవాళ్లకి, అది ప్రాణం. అక్కడ గింజ మీద పోటీకి ఇంకేమీ లేదు, ఒక్క స్పోరు పడినా సీసా మొత్తం పోతుంది. అందుకే లామినార్ ఫ్లో బల్లలో హెపా ముందు నిమిషానికి దాదాపు 90 అడుగుల వేగంతో గాలి ఏకధాటిగా వీస్తుంటుంది. మీరు స్పాన్ కొంటున్నారు కాబట్టి ఆ ఖర్చు మీది కాదు. ఇంకో సంగతి, హెపాని దాటించడానికి బలమైన బ్లోయర్ కావాలి. మామూలు ఫ్యాన్ వెనక హెపా తగిలిస్తే గాలే రాదు, గదిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పుట్టగొడుగులు కాడలు సాగి, గొడుగులు చిన్నబోయి ఊరుకుంటాయి. ధర మాట పక్కన పెట్టినా, నేను హెపా వద్దనడానికి ఇదొక్కటే చాలు.

మీ గదికి ఎంత గాలి కావాలి? గది ఘనపరిమాణం 10 × 12 × 9, అంటే 1080 ఘనపుటడుగులు. ఆయిస్టర్ కాపు దశలో గంటకి 4 నుంచి 8 సార్లు గది గాలి మొత్తం మారాలి. మధ్యస్థంగా 6 సార్లు అనుకుంటే గంటకి 6480 ఘనపుటడుగులు, నిమిషానికి 108. అంటే 108 సీఎఫ్‌ఎం. ఫిల్టర్లు, డక్టు మలుపులు కొంత తినేస్తాయి కాబట్టి డబ్బా మీద 200 సీఎఫ్‌ఎం పైగా రాసి ఉన్న ఇన్‌లైన్ డక్ట్ ఫ్యాన్ తీసుకోండి, వేగం తగ్గించుకునేలా రెగ్యులేటర్ పని చేస్తుందో లేదో అడిగి మరీ తీసుకోండి. వంటింటికి పెట్టే రెక్కల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఈ పనికి రాదు. ఎదురుగా అడ్డు లేనప్పుడే దాని గాలి. ఫిల్టర్ కాస్త మూసుకుపోగానే రెక్కలు తిరుగుతూనే ఉంటాయి, గాలి మాత్రం కదలదు.

సంచుల్లో మైసీలియం పాకే దశలో ఇంత గాలి వద్దు. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ ఉన్నా దానికి ఇబ్బంది లేదు, పైగా అనవసరంగా గాలి తోలితే సంచులు ఎండిపోతాయి. మొగ్గలు కనిపించినప్పటి నుంచి గాలి పెంచండి. వీలైతే ఒక కార్బన్ డయాక్సైడ్ మీటరు కొనండి, ఎన్‌డీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో కొలిచే) సెన్సార్ ఉన్నదే తీసుకోండి, చవక రకాలు ఊహించి అంకెలు చూపిస్తాయి. కాపు దశలో 1000 పీపీఎం లోపు ఉంచితే గొడుగులు చక్కగా విప్పుకుంటాయి. మీటరు లేకపోతే పుట్టగొడుగే మీటరు: కాడ పొడుగై గొడుగు చిన్నదైతే గాలి తక్కువ, అంచులు ఎండి పగిలితే గాలి ఎక్కువ లేదా తేమ తక్కువ.

ఇప్పుడు ఫిల్టర్ సైజు. చాలామంది ఫ్యాన్ నోరు ఎంత ఉంటే అంత ఫిల్టర్ కొంటారు. 6 అంగుళాల డక్టుకి 6 అంగుళాల ఫిల్టర్! అలా వద్దు. ఫిల్టర్ గ్రేడు మీద పెట్టే ఖర్చు దాని వెడల్పు మీద పెట్టండి. 12 × 24 అంగుళాల ఫిల్టర్ తీసుకుంటే 2 చదరపుటడుగులు, 108 సీఎఫ్‌ఎం గాలి దానిలోంచి నిమిషానికి 54 అడుగుల వేగంతో మాత్రమే వెళ్తుంది. ఏసీ ప్లాంట్లలో ఇదే ఫిల్టర్ మీద నిమిషానికి 500 అడుగుల దాకా వేగం పెడతారు. వేగం తగ్గితే ఫిల్టర్ అడ్డు తగ్గుతుంది, చిన్న ఫ్యాన్‌తోనే పని జరుగుతుంది, కరెంటు ఆదా, చప్పుడు తక్కువ, ఫిల్టర్ కూడా చాలా ఎక్కువ కాలం వస్తుంది. జాగా ఉంటే 24 × 24 పెట్టండి, నేనైతే అదే పెడతాను. పోర్టు వైపు ఇళ్లలో దుమ్ము అంత ఉంది మరి.

కొనేటప్పుడు మాటల దగ్గర జాగ్రత్త. పరవాడ వైపు ఫార్మా కంపెనీలకి ఏహెచ్‌యూ (పెద్ద ఏసీ యంత్రాల) ఫిల్టర్లు ఇచ్చేవాళ్లు '10 మైక్రాన్', '5 మైక్రాన్', '3 మైక్రాన్' అని చెప్తారు. మైక్రాన్ అంకె ఒక్కటే చెబితే ఏమీ తెలియదు, ఆ సైజు కణాల్లో ఎంత శాతం ఆపుతుందో కూడా అడగాలి. ప్రీఫిల్టర్‌కి జీ4, ఫైన్ ఫిల్టర్‌కి ఎఫ్7 అని గ్రేడు పేరుతో అడిగితే ఎవరికైనా అర్థమవుతుంది. కొత్త లేబుళ్ల మీద ఎఫ్7 బదులు ఈపీఎం1 అని, పక్కన 50 నుంచి 65 వరకు శాతం రాసి ఉండొచ్చు, అదీ దాదాపు ఇదే తరగతి. మెర్వ్ 13 కూడా అంతే. మూడు పేర్లలో ఏది దొరికినా తీసుకోండి.

మీడియా మాత్రం సింథటిక్‌దే అయ్యుండాలి, కాగితపు రకం వద్దు. మన ఊరి గాలి ఏడాదిలో ఎక్కువ రోజులు తడిగానే ఉంటుంది. కాగితపు ఫిల్టర్ ఆ తేమ పీల్చుకుని మెత్తబడి, పట్టుకున్న దుమ్ము మీదే బూజు పెంచుతుంది. బూజు రాకూడదని పెట్టిన ఫిల్టరే బూజుకి పుట్టిల్లవుతుంది. కారు ఎయిర్ ఫిల్టర్ వాడొచ్చా అని తరచూ అడుగుతుంటారు. వేసవిలో పర్వాలేదు కానీ, జూన్ దాటాక దాని సంగతి చెప్పక్కర్లేదు.

ఇదే కారణంగా హ్యుమిడిఫైయరు ఎప్పుడూ ఫిల్టర్ తర్వాత, గది లోపలే ఉండాలి. గాలి లోపలికొచ్చే చోట తడి గోనెలు వేలాడదీసి, దాని వెనక ఫిల్టర్ పెట్టినవాళ్లని చూశాను. ఫిల్టర్ నానిపోయి గాలి సగానికి పడిపోయింది. తడి గోనె దుమ్ముని కొంత పట్టుకున్నట్టు కనిపిస్తుంది, కానీ సన్న స్పోర్లు దానికి చిక్కవు, నిల్వ నీళ్లలో బ్యాక్టీరియా పెరుగుతుంది. అల్ట్రాసోనిక్ ఫాగర్ వాడుతుంటే ఇంకో మాట. సముద్రానికి దగ్గర్లో బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. ఆ నీళ్లు ఫాగర్‌లో పోస్తే లవణాలు కూడా పొగమంచుతో పాటు లేచి సంచుల మీద తెల్లటి పొడిలా పడతాయి. బయటి దుమ్ము ఆపి లోపల మనమే దుమ్ము చేసినట్టవుతుంది. దానికి ఆర్వో నీళ్లో, పట్టిన వాన నీళ్లో వాడండి.

ఈగల విషయానికొద్దాం. మీరు చూసినవి ఫోరిడ్ లేదా సియారిడ్ ఈగలు అయ్యుంటాయి, పొడవు 2 నుంచి 4 మిల్లీమీటర్లు, ఒళ్లు మాత్రం సన్నం. మామూలు దోమతెర కన్ను వీటికి ద్వారబంధంలాంటిదే, ఇట్టే దూరిపోతాయి. అంగుళానికి 35 నుంచి 40 కన్నులున్న మెష్ కావాలి. నైలాన్ అయినా పర్వాలేదు, స్టీల్ అయితే 304 గ్రేడు అడగండి. జీఐ (జింకు పూసిన ఇనుప) మెష్ మన ఉప్పు గాలికి తొందరగా తుప్పు పట్టి, రాలిన పొట్టు ఫిల్టర్ మీద పడుతుంది. ఇంత సన్న మెష్‌లో మూడో వంతుకి కాస్త అటూఇటూ మాత్రమే ఖాళీ ఉంటుంది, మిగతాదంతా తీగే. కాబట్టి మెష్ కూడా ఫిల్టర్ అంత వెడల్పుగానే ఉండాలి. డక్టు నోటికి మెష్ ముక్క చుట్టేస్తే గాలి పీక నొక్కేసినట్టే.

మెష్ పెట్టినా ఈగలు తలుపు నుంచి వస్తాయి. తలుపు ముందు చిన్న అర, అంటే రెండో తలుపో మందపాటి ప్లాస్టిక్ తెరో, ఏర్పాటు చేసుకోండి. మొదటిది మూసుకున్నాకే రెండోది తెరవాలి. లోపల పసుపు జిగురు అట్టలు ఒక చిన్న బల్బు దగ్గర వేలాడదీయండి. అవి ఈగల్ని తగ్గిస్తాయి, అంతకంటే ముఖ్యంగా ఎన్ని వస్తున్నాయో చెప్తాయి. మధురవాడ వైపు ఒకాయన ఇలాంటి గదిలోనే ఆకుకూరలు, మైక్రోగ్రీన్స్ పెంచుతారు, ఆయన బాధ తామర పురుగులతో (త్రిప్స్). వాటిని ఆపాలంటే 0.2 మిల్లీమీటర్ల కంటే చిన్న కన్ను కావాలి, అప్పుడు మెష్ ఇంకా పెద్దది పెట్టాలి. మీకు ఆ అవసరం లేదు.

పెట్టె ఎలా కట్టించాలంటే: గాజువాక ఆటోనగర్‌లో షీటు పని చేసేవాళ్లకి కొలత ఇస్తే రోజులో చేసిస్తారు. అల్యూమినియం షీటు గానీ పీవీసీ బోర్డు గానీ చెప్పండి. వరస ఇలా: వాన పడకుండా కిందికి వంగిన హుడ్, మెష్, జీ4, ఎఫ్7, ఆ తర్వాత ఫ్యాన్, డక్టు, గది. ఫ్యాన్ ఫిల్టర్ల వెనక ఉంటుంది కాబట్టి దాని రెక్కలు కూడా శుభ్రంగా ఉంటాయి. కానీ ఇందులో ఒక కిటుకు ఉంది. ఫ్యాన్‌కీ ఫిల్టర్‌కీ మధ్య ఏ చిన్న సందున్నా ఫ్యాన్ అక్కడి నుంచి మురికి గాలి లాగుతుంది. ఫిల్టర్ ఫ్రేము చుట్టూ ఫోమ్ టేపు అంటించి, క్లాంపులతో బిగించి, పెట్టె మూలలకి సిలికాన్ పూయండి. ఎఫ్7 చుట్టూ వేలు దూరేంత సందు ఉంటే అది ఎఫ్7 పని చేయదు. తలుపు ముందువైపు పెట్టించుకోండి, ఫిల్టర్ మార్చడం సులువుగా లేకపోతే మార్చడం మానేస్తాం.

పెట్టె ఎక్కడ పెట్టాలనేది కూడా తేలిగ్గా తీసుకోవద్దు. మీ డాబాకి పోర్టు యార్డులు ఏ వైపు ఉన్నాయో ఆ గోడకి కాకుండా, వెనక గోడకి పెట్టండి. వంటింటి చిమ్నీ, బాత్రూమ్ గొట్టం, జనరేటర్ దగ్గరగా వద్దు. వాడేసిన సంచులు కుప్ప పోసే చోటికి అన్నిటికంటే దూరంగా ఉండాలి. ట్రైకోడెర్మాకీ ఈగలకీ అసలు కార్ఖానా ఆ కుప్పే. మల్కాపురం దగ్గర ఒక కుటుంబం గది చూడ్డానికి పిలిచారు, రిఫైనరీ దుమ్ము వల్లే బూజు వస్తోందని వాళ్ల గట్టి నమ్మకం. డాబా ఎక్కి చూస్తే పాత సంచులన్నీ గాలి వచ్చే కిటికీ కిందే ఉన్నాయి. కుప్ప తీయించి, తూముకి అవతల ఉన్న ఖాళీ స్థలంలో గొయ్యిలో కప్పించాం. తర్వాతి విడతకే తేడా వచ్చింది, అప్పటికింకా ఫిల్టర్ పెట్టనేలేదు.

అందుకే మీ ఆకుపచ్చ బూజు గురించి నిజం చెప్పాలి. అది గాలి నుంచే వచ్చిందని అనుకోవద్దు, ముందు సంచి చూడండి. బూజు సంచి మధ్యలో, గడ్డి పొరల లోపల మొదలైతే తప్పు గడ్డిది, సరిగ్గా ఉడకలేదు. స్పాన్ వేసిన పొర వెంటే గింజల చుట్టూ మొదలైతే స్పాన్‌నీ, వేసిన చేతినీ అనుమానించాలి. సంచి మూతి దగ్గర, రంధ్రాల చుట్టూ, కాపు కోసిన మచ్చల మీద మొదలైతేనే గాలిని, ఈగల్ని అనుమానించండి. నేను చూసిన గదుల్లో ఎక్కువసార్లు గడ్డిదే తప్పు. గడ్డి పొయ్యి మీది డ్రమ్ములో మునిగి, నీళ్లు 80 డిగ్రీల దగ్గర ఒక గంట నిలిచేలా చూడండి. డ్రమ్ము పైన కాదు, మధ్యలో థర్మామీటర్ పెట్టి కొలవండి. గడ్డి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. దీన్ని వదిలేసి ఫిల్టర్ మీద డబ్బు పోస్తే బూజు పోదు.

గాలే కారణమా కాదా తేల్చుకోవాలంటే ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. బంగాళదుంప ఉడికించిన నీళ్లలో కాస్త చక్కెర, చైనా గ్రాస్ కలిపి, చిన్న గాజు గిన్నెల్లో పోసి, మూతలు పెట్టి ప్రెషర్ కుక్కర్‌లో అరగంట పైన ఉడికించండి. చల్లారి గడ్డకట్టాక ఒకటి ఫ్యాన్ నుంచి గాలి వచ్చే చోట, ఒకటి గది మధ్యలో, ఒకటి బయట డాబా మీద, మూడింటినీ ఒకే సమయం, ఓ పావుగంట, మూత తీసి ఉంచండి. ఒకటి అసలు తెరవకండి. మళ్లీ మూసి గది వేడిలో నాలుగైదు రోజులు పెట్టి, ఎన్ని మచ్చలు లేచాయో చూడండి. తెరవని గిన్నెలో మచ్చ వస్తే కుక్కర్ పని కాలేదు, మళ్లీ చేయాలి. గాలి వచ్చే చోట తక్కువ, గది మధ్యలో ఎక్కువ ఉంటే బూజు లోపలిదే. చూశాక గిన్నెలు తెరవకుండానే మళ్లీ కుక్కర్‌లో ఉడికించి పారేయండి.

కార్బన్ ఫిల్టర్ కూడా పెట్టమని కొందరు చెప్తారు. దుమ్ము ఫిల్టర్ వాసనల్నీ వాయువుల్నీ ఆపదన్నది నిజమే, ఆ పని యాక్టివేటెడ్ కార్బన్ చేస్తుంది. కానీ గాలిలో తేమ 60 శాతం దాటితే కార్బన్ నీటి ఆవిరినే పట్టుకుని నిండిపోతూ, వాయువుల్ని పట్టే శక్తి కోల్పోతుంది. విశాఖలో బయటి గాలి తరచూ అంతకంటే తడిగా ఉంటుంది. పక్కన పెయింటింగ్ షెడ్డో డీజిల్ పొగో ఉంటే తప్ప దాని జోలికి వెళ్లకండి. అలాంటివి ఉన్నా ముందు పెట్టె చోటు మార్చి చూడండి.

మీరు అడగని ఒక విషయం, కానీ చెప్పకుండా ఉండలేను. లోపలికొచ్చే గాలితో పాటు, బయటికి పోయే గాలి గురించీ ఆలోచించండి. ముదిరిన ఆయిస్టర్ పుట్టగొడుగులు లెక్కలేనన్ని స్పోర్లు వదులుతాయి. మూసిన గదిలో రోజూ అవి పీల్చేవాళ్లకి దగ్గు, జ్వరం, ఆయాసం రావచ్చు. పెంపకందారుల్లో ఇది అందరికీ తెలిసిన జబ్బే, తేలిగ్గా తీసుకుంటే ఊపిరితిత్తులకి శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు. గదిలోకి వెళ్లేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోండి, ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లని ఆ పనికి పంపకండి. గొడుగు అంచులు పైకి తిరగకముందే కోసేయండి, బరువు కోసం ఇంకో రోజు ఆగితే స్పోర్లే మిగులుతాయి. జ్ఞానాపురంలో ఇళ్లు ఆనుకుని ఉంటాయి, లూవర్ పక్కింటి వంటింటి కిటికీకి ఎదురుగా ఉండకుండా చూడండి. అలాగే ఆ గాలి తిరిగి మీ ఫిల్టర్ పెట్టెలోకే రాకుండా రెండూ వేర్వేరు గోడలకి ఉండాలి.

శుభ్రం చేయడం: జీ4 ని మెల్లగా దులిపి, నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే మళ్లీ పెట్టొచ్చు. కొన్నిసార్లు కడిగాక పోగులు సాగిపోతాయి, అప్పుడు మార్చేయండి. రెండు సెట్లు ఉంచుకుంటే ఒకటి ఆరేలోపు ఇంకోటి పనిచేస్తుంది. ఎఫ్7 ని కడక్కండి, వాక్యూమ్ కూడా పెట్టకండి, మురికైతే కొత్తదే. ఎప్పుడు మార్చాలో రంగు చూసి చెప్పలేం. మన వైపు అది వారంలోనే నల్లబడుతుంది, కానీ ఇంకా చాలా కాలం పనిచేస్తుంది. లూవర్ రెక్కలు చూడండి, మొదట్లో ఎంత పైకి లేచేవో గోడ మీద గీత పెట్టుకోండి. అంతకంటే బాగా తక్కువ లేస్తుంటే ముందు జీ4 కడగండి, అప్పటికీ లేవకపోతే ఎఫ్7 మార్చండి. మార్చేటప్పుడు ఫ్యాన్ ఆపి, మాస్కు పెట్టుకుని, పాత ఫిల్టర్ని అక్కడికక్కడే ప్లాస్టిక్ సంచిలో కట్టేయండి.

కాలాన్ని బట్టి కూడా మార్చుకోవాలి. విశాఖకి అటు కైలాసగిరి కొండలు, ఇటు యారాడ కొండలు. చలికాలం రాత్రులు గాలి కదలక దుమ్మూ పొగా ఊరి మీదే నిలిచిపోతాయి, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా జీ4 తరచుగా కడగాల్సి వస్తుంది. అదే ఆయిస్టర్‌కి మంచి కాపు కాలం కూడా, కాబట్టి అశ్రద్ధ చేయొద్దు. దీపావళి రాత్రి, భోగి తెల్లవారుజామున ఫ్యాన్ కొన్ని గంటలు ఆపేయండి, ఆ పాటికి పుట్టగొడుగులకి ఏమీ కాదు. ఏప్రిల్, మే నెలల్లో సమస్య దుమ్ముది కాదు, వేడిది. మధ్యాహ్నం ఎంత శుభ్రమైన గాలి తోలినా గది కాలిపోతుంది. టైమర్ పెట్టి రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా, పగలు గంటకి కొన్ని నిమిషాలు మాత్రమే తోలండి. ఆ నెలల్లో ఆయిస్టర్ మానేసి 30 నుంచి 35 డిగ్రీల్లో హాయిగా కాసే మిల్కీ పుట్టగొడుగు వేసుకోవడం ఇంకా మేలు, ఫిల్టర్ ఏర్పాటు అదే సరిపోతుంది.

తుపాను హెచ్చరిక వస్తే ముందు రోజే హుడ్ నోటికి పలక బిగించి, ఫ్యాన్ ప్లగ్గు తీసేయండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వాన అడ్డంగా కొట్టడం మన ఊళ్లో అందరూ చూశారు, అలాంటి వానకి ఏ హుడ్డూ ఆగదు. ఫిల్టర్ ఒక్కసారి ఉప్పు నీళ్లతో తడిస్తే ఆరబెట్టి వాడకండి. కరెంటు లేని ఆ రోజుల్లో పొద్దున, సాయంత్రం కాసేపు తలుపు తీసి గాలి ఆడనివ్వండి, తలుపుకి సన్న మెష్ తెర ఉంటే చాలు. అందుకే మీరు సామాను కొనేటప్పుడు తలుపుకి సరిపడా మెష్ కూడా కలిపి కొనేయండి.